చేజారిన బంతుల లెక్క

మా వీధి చివర కిరాణా కొట్టాయన "ఈ ఏడు టర్నోవర్ బాగుందండీ" అన్నాడంటే దసరాకి కొట్లో కుర్రాళ్లకి కొత్తబట్టలు ఖాయమని అర్థం. అదే మాట అమెరికాలో ఏ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ దగ్గరైనా అని చూడండి, మొహం మాడ్చుకుంటాడు. అక్కడ టర్నోవర్ అంటే అమ్మకాలు కాదు. చేతిలో ఉన్న బంతిని ఎదుటి జట్టుకి సమర్పించుకుని రావడం.

ఈ అధ్యాయమంతా ఆ రెండో రకం టర్నోవర్ గురించే. క్రికెట్టూ కబడ్డీ ఉండగా ఈ పరాయి ఆట మనకెందుకని మీరు అడగొచ్చు. నేనూ మా మేనల్లుడిని అదే అడిగాను. వాడు అట్లాంటాలో ఎం.ఎస్. చేసే రోజుల్లో శనివారం వస్తే ఫోనెత్తేవాడు కాదు. ఎత్తినా వెనకనుంచి అరుపులే. చివరికి ఓ సెలవుల్లో వచ్చినప్పుడు మా డైనింగ్ టేబుల్ మీద ఉప్పుడబ్బా, ఆవకాయ జాడీ, గ్లాసులూ పేర్చి ఆట నేర్పించాడు.

చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట అది. బంతి గుండ్రంగా ఉండదు, రెండు కొసలూ లాగి మొన తేల్చినట్టుంటుంది. బరువు నాలుగు వందల గ్రాములు అటూ ఇటూ. బంతి మన దగ్గరున్నప్పుడు దిగే పదకొండు మంది అఫెన్స్, ఎదుటివాళ్ల దగ్గరున్నప్పుడు దిగే పదకొండు మంది డిఫెన్స్. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. విసిరిన బంతిని మనవాడికి బదులు వాళ్లవాడు అందుకుంటే ఇంటర్‌సెప్షన్. పట్టుకుని పరిగెత్తేవాడి చేతిలోంచి జారితే ఫంబుల్, దాన్ని వాళ్లు దొరకబుచ్చుకుంటే బంతి పోయినట్టే. ఈ రెండూ కలిపి టర్నోవర్లు. మన డిఫెన్స్ లాక్కున్న వాటిలోంచి మన అఫెన్స్ పోగొట్టుకున్నవి తీసేస్తే మిగిలేది మార్జిన్. అది ప్లస్సులో ఉంటే కోచ్‌కి రాత్రి నిద్ర పడుతుంది.

క్రికెట్‌లో వికెట్ పడితే ఇంకో బ్యాట్స్‌మన్ వస్తాడు, బ్యాటింగ్ మాత్రం మనదే. ఇక్కడ బంతి పోయిన క్షణం నుంచీ దాడి వాళ్లది, కాచుకునే పని మనది. మనం చేసే కొన్ని తప్పులు అచ్చం ఇలాంటివే. ఊరికే పోవు, పోతూ పోతూ పగ్గాలు ఎదుటివాడి చేతికిచ్చి పోతాయి. అందుకే నాకీ లెక్క నచ్చింది. పోగొట్టుకున్నవి ఒక వరస, దక్కించుకున్నవి ఒక వరస. నేను చాలాకాలం తప్పు వరస చూసుకుంటూ మురిసిపోయానని ఆవకాయ జాడీ సాక్షిగా ఆరోజు అర్థమైంది.

రెండున్నర కిలోల గొలుసు

ఫ్లోరిడాలో మయామి యూనివర్సిటీ జట్టుంది, హరికేన్స్ అంటారు. 2017 సీజన్‌కి ముందు వాళ్ల డిఫెన్స్ కోచ్ మానీ డయాజ్‌కి ఓ ఆలోచన వచ్చింది. మ్యాచ్‌లో ఎవడు బంతి లాక్కొచ్చినా గట్టు దగ్గరికి రాగానే వాడి మెడలో బంగారు గొలుసు వేస్తారు. మామూలు గొలుసు కాదు. క్యూబన్ లింకు మోస్తరు, 36 అంగుళాల పొడవు, బరువు ఐదున్నర పౌండ్లు. అంటే రెండున్నర కిలోలు, మన లెక్కలో దగ్గర దగ్గర 250 తులాలు. కింద వేలాడే పతకం వాళ్ల యూనివర్సిటీ గుర్తు, నిండా నారింజ, ఆకుపచ్చ నీలమణులు. పది క్యారెట్ల బంగారమేలెండి. మా అమ్మమ్మ బతికుంటే అరచేతిలో తూచి చూసి, పెదవి విరిచి పక్కన పెట్టేసేది.

ఆ ఏడు గొలుసు మెడలు మారుతూనే ఉంది. నవంబర్ 11న నోటర్‌డామ్‌ని 41-8తో చిత్తు చేసిన రాత్రి ఆ గొలుసుకి ఊపిరాడలేదు. జట్టు వరసగా పది గెలిచింది. ర్యాంకుల్లో దేశంలో రెండో స్థానానికి ఎగబాకింది. పిల్లలు ప్లాస్టిక్ గొలుసులు కొనుక్కుని స్టేడియానికి వచ్చారు. తర్వాతి ఏడాదికల్లా ఈ జబ్బు దేశమంతా పాకింది. టెన్నెసీ వాళ్లు చెత్తడబ్బా పెట్టారు, లాక్కున్న బంతిని అందులో వేయాలి. బోయిసీ స్టేట్ వాళ్లు సింహాసనం తెచ్చారు. ఫ్లోరిడా స్టేట్ వాళ్లు వీపుకి తగిలించుకునే సంచీతో సరిపెట్టుకుని నవ్వులపాలయ్యారు.

ఇక్కడిదాకా కథ చెప్పి ఆపేస్తే వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో ప్రోత్సాహం అనే అధ్యాయానికి అతికినట్టు సరిపోతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు కూడా. 2017లో ఆ తర్వాత జరిగింది వేరు. నవంబర్ 24న మయామి పిట్స్‌బర్గ్ చేతిలో 24-14తో ఓడింది. అప్పటికి పిట్స్‌బర్గ్ ఆ సీజన్‌లో నాలుగే గెలిచి, ఏడు ఓడి ఉంది. వారం తిరగ్గానే తమ కాన్ఫరెన్స్, అంటే జట్ల కూటమి, ఫైనల్లో క్లెమ్సన్ 38-3తో ఉతికి ఆరేసింది. ఆఖరున సీజన్ ముగింపు మ్యాచ్ ఆరెంజ్ బౌల్‌లో, అదీ సొంత ఊళ్లో, విస్కాన్సిన్ చేతిలో 34-24తో మూడో ఓటమి. గొలుసు బరువు తగ్గలేదు, తళుకూ తగ్గలేదు. లాక్కోవడానికి బహుమతి ఉంది. జారవిడవకుండా ఉన్నవాడికి ఏం బహుమతి ఉంది?

లాక్కున్న బంతి కళ్లకు కనిపిస్తుంది. జారిపోకుండా నిలిచిన బంతిని ఎవడు చూస్తాడు? ఇరవైమూడుసార్లు బంతి పట్టుకుని పరిగెత్తి ఇరవైమూడుసార్లూ భద్రంగా తిరిగొచ్చినవాడి మెడలో ఎవరూ గొలుసు వేయరు. మన ఇళ్లల్లోనూ అంతేగా. కొత్త ఉద్యోగం వస్తే స్వీట్లు పంచుతాం. పదిహేనేళ్లలో ఒక్క ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా తప్పకుండా కట్టిన మనిషికి ఎప్పుడైనా లడ్డూ పెట్టామా?

మణికట్టు మోచేతికన్నా పైన

పోగొట్టుకోవడం స్వభావమా, అలవాటా? ఈ ప్రశ్నకి నాకు తెలిసిన మంచి జవాబు టికీ బార్బర్. వర్జీనియా యూనివర్సిటీలో ఆడి, తర్వాత న్యూయార్క్ జెయింట్స్‌లో చేరిన ఆటగాడు. బంతి పట్టుకుని పరిగెత్తడమే పని. పరుగు అద్భుతం, పట్టు అధ్వానం. 2000 నుంచి 2003 దాకా నాలుగు సీజన్లలో 35 ఫంబుల్స్. వాడికి చేతులు జారుడని జనం ముద్ర వేసేశారు. మన దగ్గరా ఇలాంటి ముద్రలుంటాయి: వీడికి మతిమరుపు, వాడికి డబ్బు నిలవదు, ఆ పిల్లకి నోటి దురుసు.

2004లో టామ్ కఫ్లిన్ కొత్త కోచ్‌గా వచ్చాడు. స్వభావం జోలికి పోలేదు, బంతి పట్టుకునే తీరు చూశాడు. బార్బర్ పరుగులో మలుపు తిరిగినప్పుడల్లా బంతి ఉన్న చెయ్యి ఒంటికి దూరంగా ఊగుతోంది. దాన్ని మార్పించారు. బంతి ఛాతీకి ఎత్తుగా, గట్టిగా ఆనాలి. పై మొనని వేళ్లు కప్పాలి. కింది మొన మోచేతి వంపులో దూరాలి. ఒక పక్క ముంజేయి, ఒక పక్క డొక్క. మణికట్టు ఎప్పుడూ మోచేతికన్నా పైనే ఉండాలి. కొత్తలో ఇది ఎంత ఇబ్బందిగా ఉంటుందో, ఓ కొబ్బరికాయని అలా పట్టుకుని మేడమెట్లు గబగబా ఎక్కి చూడండి. నేను ఎక్కాను. మూడో మెట్టు దగ్గరే చెయ్యి కిందికి దిగిపోయింది.

2004 నుంచి రిటైరైన 2006 దాకా మూడు సీజన్లలో బార్బర్ ఫంబుల్స్ మొత్తం తొమ్మిది. 2005లో మొత్తం సీజన్‌కి ఒకే ఒక్కటి, ఆ ఏడే అతను జీవితంలోకెల్లా ఎక్కువగా 1,860 గజాలు పరిగెత్తాడు. జాగ్రత్తపడితే వేగం తగ్గుతుందని భయపడేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఎదుటి పక్షం కూడా ఊరికే కూర్చోదన్నది ఇందులో ఇంకో ముక్క. చార్ల్స్ టిల్‌మన్ అని చికాగో బేర్స్ డిఫెన్స్ ఆటగాడు ఉండేవాడు. పరిగెత్తేవాడిని పడగొట్టడం అందరూ చేస్తారు. ఇతను పడగొడుతూనే పిడికిలి బిగించి బంతి మీద గుద్దేవాడు. అతని ముద్దుపేరు పీనట్ కనుక ఆ గుద్దుకి పీనట్ పంచ్ అని పేరు పడింది. ఆ గుద్దులతో 44 ఫంబుల్స్ చేయించాడు. మన చేతిలోది కొట్టేయడానికి పిడికిలి బిగించినవాడు మన చుట్టూ కూడా ఉంటాడు. ఓటీపీ చెప్పమని ఫోన్ చేసేవాడు వాడే. రాత్రి పదకొండింటికి "ఒక్క రోజే ఆఫర్" అని మెసేజ్ పెట్టేవాడూ వాడే. వాడు గుద్దుతాడా లేదా అన్నది మన చేతిలో లేదు. గుద్దినప్పుడు మణికట్టు ఎక్కడుందన్నది మన చేతిలోదే.

అలవాటు మార్చుకోవాలనుకునేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. "ఇకమీదట జాగ్రత్తగా ఉంటాను" అని రాసుకోకండి, అది దేనికీ పనికిరాదు. జారిన క్షణంలో చెయ్యి ఎక్కడుందో రాసుకోండి. తాళంచెవులు పోయినరోజు రెండు చేతుల్లోనూ కూరల సంచులున్నాయి. మాట జారిన ప్రతిసారీ మధ్యాహ్నం భోజనం చేయకుండా ఉన్నాను. ఇలా. నాలుగైదు రాస్తే తీరు తెలిసిపోతుంది.

బంతి ఎటు గెంతుతుందో

ఇంతవరకు చదివి, అంతా మన చేతుల్లోనే ఉందని ఎవరైనా అనుకుంటే వాళ్లకి ఈ భాగం.

గుండ్రటి బంతి నేలమీద పడితే ఎటు లేస్తుందో మనకి ఓ అంచనా ఉంటుంది. ఈ మొనదేలిన బంతికి అంచనా లేదు. ఒకసారి ముందుకి, ఒకసారి పక్కకి, ఒకసారి పడినచోటే కూలబడుతుంది. జారిన బంతి ఎవరికి దొరుకుతుంది అన్నది దీర్ఘకాలంలో చూస్తే దాదాపు బొమ్మా బొరుసే. ఈ ఆట లెక్కలు కట్టేవాళ్లు అందుకే రెండింటినీ విడదీస్తారు. ఎన్నిసార్లు జారింది అన్నది ఒకటి, జారినవాటిలో ఎన్ని పోయాయి అన్నది ఇంకొకటి. మొదటిది పట్టు, రెండోది గెంతు. ఒక జట్టు ఏడాదిలో ఇరవైసార్లు జారవిడిచి పద్నాలుగుసార్లు తనే దొరకబుచ్చుకుందంటే, వచ్చే ఏడు కూడా అదే అదృష్టం ఉంటుందని పందెం కాయకూడదు. గొలుసుల ఏడాది తర్వాత గొలుసుల్లేని ఏడాది రావడానికి చాలాసార్లు ఇదే కారణం. కోచ్ మారక్కర్లేదు, పిల్లలు బద్ధకించక్కర్లేదు. పన్నెండు, పదమూడు మ్యాచ్‌ల సీజన్ అనేది చాలా చిన్న లెక్క. నాలుగు గెంతులు అటు పడితే హీరో, ఇటు పడితే జీరో.

డేనియల్ కానెమన్ మనస్తత్వ శాస్త్రవేత్త, 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ తీసుకున్నాడు. ఆయన ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులకు పాఠం చెప్పేటప్పుడు జరిగిన సంగతి ఒకటి రాశాడు. మెచ్చుకుంటే శిష్యులు బాగుపడతారని ఆయన చెబుతుంటే ఓ సీనియర్ శిక్షకుడు లేచి అడ్డం తిరిగాడు. విన్యాసం బాగా చేసినవాడిని పొగిడితే మర్నాడు తగలేస్తున్నాడు, చెడగొట్టినవాడిని తిడితే మర్నాడు బాగా చేస్తున్నాడు, కాబట్టి తిట్టే పని చేస్తుంది అన్నాడు. అతను చూసింది నిజమే, అర్థం చేసుకున్నది తప్పు. అసాధారణంగా బాగా చేసిన రోజు తర్వాత మామూలు రోజు వస్తుంది. అసాధారణంగా చెడిన రోజు తర్వాతా మామూలు రోజే వస్తుంది. పొగడ్తా తిట్టూ మధ్యలో దూరి ఆ పేరు కొట్టేస్తాయి.

పరీక్షలో మార్కులు తగ్గాయని బిడ్డను బాదే తండ్రి, తర్వాతి పరీక్షలో నాలుగు మార్కులు పెరిగితే అది తన బెత్తం మహిమే అనుకుంటాడు. ఇంటర్ కాలేజీల హాస్టళ్లలో ఈ సిద్ధాంతం మీద ఎంతమంది పిల్లల చెమడాలు ఊడుతున్నాయో మనకి తెలుసు. గెంతుకి శిక్ష వేయకూడదు. బహుమతీ ఇవ్వకూడదు, ఆ మాటకొస్తే.

ఒక చిన్న తేడా కూడా చూసుకోవాలి. అన్ని పోగొట్టుకోవడాలూ ఒకటి కాదు. మన గోలుకి దగ్గర్లో బంతి పోతే ఇల్లు కాలినట్టే. మూడో ప్రయత్నంలో యాభై గజాల దూరం విసిరితే, అక్కడ ఎదుటివాడు పట్టుకుని అక్కడే పడిపోతే, అదంత నష్టం కాదు. ఎలాగూ మరుసటి ప్రయత్నంలో బంతిని కాలితో దూరంగా తన్ని వాళ్లకి ఇచ్చేదే. దాన్ని వెటకారంగా ఆర్మ్ పంట్ అంటారు, చేత్తో తన్నినట్టన్నమాట. లెక్కలో రెండూ ఒక్కొక్క గీతే. ఇరవై రెండేళ్లకి ఓ పోటీ పరీక్ష పోవడం ఆర్మ్ పంట్. యాభై ఎనిమిదేళ్లకి పీఎఫ్ డబ్బంతా తీసి తెలిసినవాడి వెంచర్లో పెట్టడం సొంత గోలు ముందు ఫంబుల్.

వెనకబడినవాడి విసుర్లు

టర్నోవర్లు ఎక్కువైన జట్టు ఓడుతుందని అందరూ అంటారు. నిజమే, కానీ సగమే నిజం. ఓడుతున్న జట్టు కాబట్టి టర్నోవర్లు ఎక్కువవుతాయి అన్నది మిగతా సగం. పద్నాలుగు పాయింట్లు వెనకబడి ఐదు నిమిషాలే మిగిలినప్పుడు పరిగెత్తి పరిగెత్తి నాలుగేసి గజాలు సంపాదించే తీరిక ఉండదు. ప్రతిసారీ విసరాలి. విసురుతాడని ఎదుటివాళ్లకీ తెలుసు, కాచుక్కూర్చుంటారు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) మామూలప్పుడు చచ్చినా వేయని బంతి వేస్తాడు. మర్నాడు పేపర్లో మాత్రం "మూడు ఇంటర్‌సెప్షన్లు కొంప ముంచాయి" అని వస్తుంది. కొంప అంతకుముందే మునిగింది.

అప్పుల్లో ఉన్నవాడు ఎందుకంత తెలివితక్కువ పనులు చేస్తాడని ఒడ్డున కూర్చున్నవాళ్లు ఆశ్చర్యపోతారు. వెనకబడ్డాడు, విసురుతున్నాడు, అంతే. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో నష్టపోయారని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసి చెప్పింది. అయినా పోగొట్టుకున్నది ఒక్క దెబ్బకి రాబట్టాలని అందులోకి దిగినవాళ్లని నేను కౌన్సెలింగ్‌లో చూస్తూనే ఉన్నాను. వాళ్లకి బుద్ధి లేదని ఎప్పుడూ అనుకోలేదు. వాళ్లకి నేను వేసే మొదటి ప్రశ్న పెట్టుబడి గురించి కాదు, గడియారం గురించి. ఐదు నిమిషాలే ఉందని నీకు ఎవరు చెప్పారు? చాలాసార్లు ఎవరూ చెప్పి ఉండరు. ఆ గడియారాన్ని తనే తగిలించుకుని ఉంటాడు. చెల్లి పెళ్లి మాఘమాసంలోనే అవ్వాలి, తోడల్లుడు కొన్నాడు కాబట్టి ఈ ఏడే ఫ్లాటు కొనాలి.

మోకాలు ఆనించడం

2023 అక్టోబర్ 8, ఆదివారం పొద్దున. నేను ఇడ్లీ తింటున్నాను. అట్లాంటాలో అది శనివారం రాత్రి. మేనల్లుడు వీడియో కాల్ చేసి "మామయ్యా, చూశావా, చూశావా" అని కేకలు. వాడి యూనివర్సిటీ జార్జియా టెక్, మయామి వెళ్లి ఆ గొలుసుల జట్టునే ఓడించింది. అప్పటికి గొలుసు లేదులెండి, 2022 సీజన్‌కి ముందు వచ్చిన కోచ్ మారియో క్రిస్టోబాల్ దాన్ని అటకెక్కించేశాడు. గొలుసు తీసేశాడు కాబట్టి పట్టు విలువ తెలిసినవాడై ఉంటాడని నేను అనుకున్నాను.

మయామి 20-17తో ముందుంది. అరనిమిషం పైచిలుకు మిగిలింది. బంతి మయామిదే. గడియారం ఆపమని అడగడానికి జార్జియా టెక్ దగ్గర టైమౌట్లు కూడా లేవు. ఈ స్థితిలో ఏ జట్టైనా చేసేది ఒకటే. క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకుని మోకాలు నేలకి ఆనిస్తాడు, గడియారం తిరిగి ఆట అయిపోతుంది. దానికి పేరు కూడా విక్టరీ ఫార్మేషన్. ఈ పద్ధతి ఇంత పాతుకుపోవడానికి వెనక 1978 నవంబర్ నాటి ఒక పరాభవం ఉంది. జెయింట్స్ జట్టు గెలిచేసిన మ్యాచ్‌లో, ఆఖరి క్షణాల్లో, అక్కర్లేకుండా బంతి చేతులు మార్చబోయి జారవిడిచింది. ఎదుటి జట్టు ఈగల్స్ ఆటగాడు హెర్మన్ ఎడ్వర్డ్స్ అందుకుని గోలు దాకా పరిగెత్తాడు. 19-17. ఆ ఎత్తు వేయమన్న సహాయ కోచ్ ఉద్యోగం మర్నాడే పోయింది.

నలభై ఐదేళ్ల తర్వాత మయామి మోకాలు ఆనించలేదు. ఇంకోసారి పరిగెత్తించింది. ఆ కుర్రాడి చేతిలోంచి బంతి జారింది. ఇరవై ఆరు సెకన్లు మిగిలాయి. జార్జియా టెక్ నాలుగు ప్రయత్నాల్లో 74 గజాలు వెళ్లి, ఒక్క సెకను మిగిలి ఉండగా 44 గజాల పాస్‌తో 23-20 చేసింది. ఆ పరిగెత్తిన కుర్రాడి పేరు నేను కావాలనే రాయడం లేదు. జారింది వాడి చేతిలోంచే అయినా పొరపాటు వాడిది కాదు. మోకాలు ఆనించాల్సిందని కోచే తర్వాత ఒప్పుకున్నాడు. ఆయనకీ ఇది కొత్త కాదు. 2018లో ఓరెగన్ కోచ్‌గా ఉన్నప్పుడు స్టాన్‌ఫర్డ్ మీద గెలుపు అంచున ఇలాగే పరిగెత్తించి, ఇలాగే జారవిడిచి, అదనపు సమయంలో 38-31తో ఓడాడు.

మోకాలు ఆనించడం చూడ్డానికి చాలా చప్పగా ఉంటుంది. టికెట్టు కొన్న జనం లేచి వెళ్లిపోతుంటారు. నాకు తెలిసిన ఓ పెద్దాయన స్థలం అమ్మకానికి బేరం కుదిరింది, అడ్వాన్సు చేతిలో పడింది, మర్నాడు రిజిస్ట్రేషన్. ఆ రాత్రి ఫోన్ చేసి "ఇంకో లక్ష వేసుకోకూడదూ" అని అడిగాడు. కొనేవాడు ఆ రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్నే అడ్వాన్సు వెనక్కి అడిగాడు. ఆ లక్ష అవసరం ఆయనకి ఏమాత్రం లేదు. ఊరికే, చేతిలో ఇంకో ఆట మిగిలిందని.

రెండో తప్పు

1978లోనే, డిసెంబర్ 29న, జాక్సన్‌విల్‌లో గేటర్ బౌల్ మ్యాచ్. ఓహాయో స్టేట్ కోచ్ వుడీ హేస్‌కి అప్పటికి 65 ఏళ్లు. ఆ ఒక్క చోటే 28 సీజన్లు, 205 గెలుపులు. పాస్ విసరడమంటే ఆయనకి పడదు, పరిగెత్తి మూడేసి గజాలు సంపాదించమనే మనిషి. ఆ రాత్రి 17-15తో వెనకబడి, చివరి నిమిషాల్లో, గెలుపుకి అందేంత దూరం వచ్చి, కుర్ర క్వార్టర్‌బ్యాక్ చేత పాస్ వేయించాడు. క్లెమ్సన్ ఆటగాడు చార్లీ బామన్ దాన్ని పట్టేసి, పరిగెత్తుతూ సరిగ్గా హేస్ నిలబడ్డ పక్కకే గీత దాటి వచ్చి పడ్డాడు. లేచేసరికి హేస్ ఆ కుర్రాడి గొంతు మీద గుద్దాడు. టీవీలో దేశమంతా చూసింది. మర్నాటికి ఉద్యోగం లేదు.

ఇంటర్‌సెప్షన్ ఖరీదు ఒక మ్యాచ్. గుద్దు ఖరీదు ఇరవై ఎనిమిదేళ్లు.

నాదీ ఒకటి చెప్పాలి. కంపెనీల్లో శిక్షణ తరగతులు చెప్పే రోజుల్లో ఓ సంస్థకి మూడేళ్లుగా నేనే వెళ్లేవాడిని. ఒకసారి డైరీలో తేదీ తప్పు రాసుకున్నాను. పొద్దున తొమ్మిదింటికి ఫోన్: "సార్, ఇరవై మంది కూర్చుని ఉన్నారు." నేను రాజమండ్రిలో పెళ్లిలో ఉన్నాను, చేతిలో అక్షింతలు. అది ఫంబుల్, పట్టు తప్పు, నాదే. వాళ్లు మర్యాదగానే ఇంకో తేదీ అడుగుతూ మెయిల్ పెట్టారు. అందులో ఒక వాక్యం మాత్రం పుల్లవిరుపుగా ఉంది. ఆ వాక్యాన్ని నేను సాయంత్రం నుంచీ నములుతూ కూర్చుని, రాత్రి పదకొండూ నలభైకి ఒకటిన్నర పేజీల జవాబు రాశాను. మూడేళ్లలో నాకు సకాలంలో ఇవ్వని చెక్కులన్నీ అందులో పేరుపేరునా ఉన్నాయి. మళ్లీ ఆ సంస్థ గేటు చూడలేదు. తేదీ తప్పుని వాళ్లు పదిహేను రోజుల్లో మరిచిపోయేవారు.

జారినప్పుడు ఏం చేయాలో ముందే రాసి పెట్టుకోవాలి, జారాక బుర్ర పనిచేయదు. 1998లో మిషిగన్ స్టేట్ కోచ్‌గా ఉన్న నిక్ సేబన్ అప్పటికి ఓటమి ఎరుగని ఓహాయో స్టేట్ మీదికి వెళ్లేముందు లయనెల్ రోజన్ అనే సైకియాట్రీ ప్రొఫెసర్ సలహా తీసుకున్నాడు. ఒక్కో ప్రయత్నం సగటున ఏడు సెకన్లే ఉంటుంది, స్కోరు బోర్డు వదిలేసి ఆ ఏడు సెకన్లే ఆడించు అన్నాడాయన. 24-9తో వెనకబడిన జట్టు 28-24తో గెలిచింది. గెలిచింది సలహా వల్లేనా అంటే, గెంతుల గురించి ఇంత చెప్పాక, ఒట్టేసి చెప్పలేను. కానీ ఏడు సెకన్ల మాట నాకు పనికొచ్చింది. కోపంగా రాసిన మెయిల్ ఇప్పుడు డ్రాఫ్ట్‌లో పొద్దున కాఫీ దాకా ఉంటుంది.

ఆదివారం పేజీ

నా దగ్గర రెండు వందల పేజీల రూళ్ల నోటుబుక్కు ఒకటుంది. ఆదివారం టిఫినయ్యాక ఆ వారంలో చేజారినవి రాస్తాను. దక్కించుకున్నవి రాయను, వాటిని పొగిడే స్నేహితులు ఎలాగూ ఉన్నారు. ఒక్కోదాని పక్కన ఒక అక్షరం: పట్టు తప్పితే 'ప', గెంతు అయితే 'గె', వెనకబడి విసిరిందైతే 'వి'. ఒక తప్పు మీద ఇంకో తప్పు చేస్తే 'రె', దాని చుట్టూ ఎర్ర సున్నా. వారం చూసి ఏమీ తేల్చకండి. మూడు నెలలు పోనివ్వండి. నాకు మొదటి మూడు నెలల్లో 'గె'లు తెగ వచ్చాయి. నా అంత దురదృష్టవంతుడు లేడనిపించింది. తర్వాత మా ఆవిడ నోటుబుక్కు చూడ్డం మొదలుపెట్టింది.

పోయిన ఆదివారం నాలుగు గీతలు. మూడు 'ప'. నాలుగోది, బుధవారం వానలో స్కూటర్ ఆగిపోయి బ్యాంకు పని చెడడం. దానికి 'గె' పెట్టాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివి, "మెకానిక్కు నెలరోజులుగా ప్లగ్గు మార్పించమంటున్నాడుగా" అంది. పెన్ను తీసి 'గె' కొట్టేసి పక్కన 'ప' రాసింది. దాన్ని నేనింకా ఒప్పుకోలేదు. ఆ గడిలో ప్రస్తుతానికి రెండూ ఉన్నాయి.